మందు కొట్టని గుడి పొలం

ఈమధ్య మా మేత్రాసనం, అంటే బిషప్పుగారి కింద ఉండే కతోలిక గుళ్ళన్నిటి, సేవా సంస్థలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. వాళ్ళ ఉద్యోగం పేరు పర్యావరణ సమన్వయకర్త. పోపుగారు భూమి గురించి లోకమంతటికీ లేఖగా పరిపత్రం రాశాక ఇలాంటి ఉద్యోగాలు చాలాచోట్ల వచ్చాయి. "మేడమ్, మీ రోజుల్లో మీరూ ఈ పనే చేశారంట కదా, ఎట్లా చేయాలో చెప్పండి" అన్నారు. టీ తాగి కాసేపు కూర్చుని వెళ్ళారు. నేను వాళ్ళకి సరిగా ఏమీ చెప్పలేకపోయాను. చెప్పాలంటే ఒక ఊరి సంగతి మొదట్నుంచీ చెప్పాలి. అందుకే రాస్తున్నాను.

నివేదికలు ఎట్లా రాయాలో, శిక్షణలు ఎట్లా పెట్టాలో మీకు ఆఫీసులో నేర్పుతారు. వాటి జోలికి పోను. ఊరి పేరు కూడా రాయను. మార్టూరు వైపు నల్లరేగడి ఊళ్ళలో అదొకటి. పత్తి, మిరప. ఒక పక్క రెడ్ల బజారు, మధ్యలో గుడి, అవతల దళితుల పేట. రెండు పక్కలా కతోలికులే. ఒకే గుడికి వస్తారు, వేరువేరు వైపుల కూర్చుంటారు, చనిపోయాక వేరువేరు చోట్ల మట్టిలో కలుస్తారు. ఈ సంగతి తెలుసుకోకుండా ఆ ఊళ్ళకి సృష్టి గురించి ప్రసంగాలు చేయడానికి వెళ్ళకండి.

చిన్నపరెడ్డి

నేను మొదట నర్సుని. మా నాన్న ప్రకాశం జిల్లాలో ఒక పేట గుడికి ఉపదేశి, ఫాదరు లేనప్పుడు ప్రార్థనలు నడిపి జపాలు నేర్పే మనిషి. సిస్టర్ల దగ్గరే చదివి, సిస్టర్ల డిస్పెన్సరీలోనే ఉద్యోగానికి చేరాను. జ్వరాలు, కాన్పులు, తేలు కాట్లు. తొంభైల చివర్లో పత్తిని పచ్చపురుగు తినేసిన ఏడు వచ్చేదాకా నా పని అదే.

ఆ ఏడు పురుగు దేనికీ చావలేదు. మందు మార్చి మందు కొట్టారు, రెండు మూడు కలిపి కొట్టారు. పొద్దున చేలోకి వెళ్ళి చూస్తే పురుగు కాయలోనే ఉండేది. ఆ మందు తాగిన మనుషులే మా దగ్గరికి రావడం మొదలైంది. ట్రాక్టర్ల మీద, మంచాల మీద తెచ్చేవాళ్ళు. నోట్లో నురగ, కంటిపాప ఆవగింజంత అయిపోయి, ఒళ్ళంతా చెమట. గదిలోకి రాకముందే వాసన వచ్చేది. ఇంజక్షన్ల మీద ఇంజక్షన్లు చేసి గుంటూరు పంపేవాళ్ళం. కొందరు దారిలోనే పోయేవాళ్ళు.

చిన్నపరెడ్డి మా బల్ల మీదే పోయాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. అతన్ని మోసుకొచ్చింది అన్న మర్రెడ్డి. ఆ ఊళ్ళో మర్రెడ్డి పెద్ద రైతు, గుడి పెద్ద. తమ్ముడి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడే గాని ఏడవలేదు. చనిపోయాడని నేను చెప్పాక, కబురు విని వచ్చిన ఫాదరుగారి వైపు తిరిగి ఒకటే అడిగాడు.

"స్వామీ, మావాణ్ణి గుళ్ళోకి రానిస్తారా?"

ఆత్మహత్య చేసుకున్నవాళ్ళని గుళ్ళోకి తేకుండా నేరుగా మట్టికి తీసుకుపోవడం పాత ఆచారం. కతోలిక సభ శాస్త్రం మారిందిగాని ఊళ్ళకి ఆ సంగతి చేరలేదు. ఆ చుట్టుపక్కల గుళ్ళు చూసుకునే విచారణ గురువు ఫాదర్ ఇన్నయ్య. పొట్టిగా ఉంటారు, నత్తి, ప్రసంగం చెప్పేటప్పుడు సగం మంది నిద్రపోతారు. మర్రెడ్డి భుజం మీద చెయ్యేసి, "నడిమి వాకిట్లోంచే తీసుకురా" అన్నారు.

పూజ చేశారు. ఆ రోజు ఎవరూ నిద్రపోలేదు. "ఈ బిడ్డ ఒక్కడు చేసిన పాపం కాదిది. ఈ మందు అమ్మినవాళ్ళు, కొట్టమని చెప్పినవాళ్ళు, చూస్తూ ఊరుకున్న నేను, అందరం తలా కాస్త మోయాలి" అన్నారు. నత్తి మాటలే. మర్రెడ్డి అప్పుడు ఏడ్చాడు.

కౌలుదార్ల ప్రసంగం

ఆ తరవాత ఫాదర్ ఇన్నయ్య మనిషి మారిపోయారు. గుంటూరు వెళ్ళినప్పుడల్లా పుస్తకాలు తెచ్చుకునేవారు. సృష్టిని కాపాడటం విశ్వాసంలో భాగమని పోపుగార్లు చెప్పిన మాటలు అప్పటికే చాలా ఉన్నాయి, ఇంగ్లీషులో. వాటిని ఆయన మా ఊళ్ళ భాషలోకి దించారు.

"భూమికి ఆసామి దేవుడు. మనం కౌలుదార్లం. కౌలుకి తీసుకున్నోడు నేలని పాడుచేసి అప్పగిస్తే ఆసామి ఊరుకుంటాడా? ఆ చేలో పని చేసిన కూలోళ్ళని చంపితే ఊరుకుంటాడా?" ఇంతే ప్రసంగం. మార్చి మార్చి ఏడాదంతా చెప్పారు. ఈ వృత్తిలో నేను చాలా సదస్సులు విన్నాను. అంతకంటే తేటగా చెప్పినవాళ్ళని చూడలేదు. భూమికి చేసే కీడూ పేదవాడికి చేసే కీడూ ఒకటేనని ఇవాళ పెద్ద పెద్ద మాటల్లో రాస్తున్నారు. ఆయన కూలోళ్ళ మాట కలపకుండా భూమి మాట ఎత్తేవారే కాదు.

తమ పాపాలు చెప్పుకోవడానికి పాపసంకీర్తనానికి వెళ్ళిన రైతుల్ని, "మందు కొట్టిన చేలోకి మర్నాడే కూలీల్ని దింపావా?" అని అడుగుతున్నారని ఊళ్ళో గోల. పాపాల జాబితాలో ఇది ఎప్పుడు చేరిందని రైతులు రచ్చబండ మీద నవ్వుకునేవాళ్ళు. పొలాల ఆశీర్వాదానికి ఊరేగింపుగా వెళ్ళినప్పుడు ఒకాయన మందు పంపు తెచ్చి ముందు పెట్టి, దీని మీద కూడా తీర్థం చల్లండి, పురుగు చావాలి అన్నాడు. ఫాదరుగారు పంపుని పక్కకి జరిపి, ఆయన రెండు చేతులూ పట్టుకుని వాటి మీద చల్లారు.

మేత్రాసనం సేవా సంస్థ అప్పుడే మందుల్లేని సేద్యం మీద పని మొదలుపెట్టింది. ఆడవాళ్ళతో మాట్లాడే మనిషి కావాలని నన్ను డిస్పెన్సరీ నుంచి అందులోకి మార్చారు. మొదటి ఏడాది మేం చేసింది వేపమొక్కలు పంచి ఫోటోలు తీయించుకోవడం. ఆ మొక్కల్ని మేకలు తిన్నాయి. దాని గురించి ఇంతకంటే చెప్పుకోవడానికేమీ లేదు.

గుడి పొలం

ఆ ఊళ్ళో గుడి వెనక గుడికే చెందిన పొలం ఉంది. తెల్లదొరల కాలంలో ఎవరో ఫాదరు కొన్నది. మంచి రేగడి. మర్రెడ్డి కుటుంబం కౌలుకి చేసేది. ఆ కౌలుతో గుడి, బడి నడిచేవి. చిన్నపరెడ్డి పోయిన తరవాత కూడా ఆ పొలంలో పత్తే వేశారు, మందే కొట్టారు. ఫాదరుగారి ప్రసంగం నడుస్తుంటే గుడి కిటికీల్లోంచి ఆ మందు వాసన లోపలికి వచ్చేది.

కొట్టే మనిషి శౌరయ్య. పేటవాడు. పూజలో డోలక్ వాయించేది అతనే. నేను ఎరిగిన వాయిద్యగాళ్ళలో అంత నెమ్మదిగా, అంత తీపిగా వాయించినవాడు లేడు. భార్య ఆరోగ్యమ్మ మిరప కోతలకి, పత్తి తీతలకి వెళ్ళే ఆడవాళ్ళకి మేస్త్రీ. నోరున్న మనిషి. ఒకరోజు గాలికి ఎదురుగా, ఎండలో, వీపున పంపుతో కొడుతూ శౌరయ్య చాళ్ళ మధ్యే పడిపోయాడు. గుడి గంట కొట్టే ఇనప స్తంభం దగ్గర్నుంచి కేకేస్తే వినపడేంత దూరంలో.

గుంటూరులో బతికించారు. ఇంటికి వచ్చాక కాళ్ళు ఈడ్చేవాడు, చేతులు వణికేవి. ఒక ఆదివారం డోలక్ ముందు కూర్చున్నాడు. తాళం అందలేదు. పాట ఆగిపోయింది. డోలక్ పక్కవాడి ముందుకి జరిపి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని పూజ అయిపోయేదాకా అట్లాగే కూర్చున్నాడు.

పూజ అయ్యాక ఆరోగ్యమ్మ ఫాదరుగారి దగ్గరికి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

"స్వామీ, మీరు చెప్పే ఆసామి పొలం ఇదేగదా. ఇందులోనే మా ఆయన పడింది."

ఫాదరుగారికి నత్తి ఎక్కువైంది. ఆ వారంలోనే గుడి పెద్దల్ని పిలిచి, ఇకమీదట గుడి పొలంలో మందు పడకూడదని, పొలాన్ని పేట ఆడవాళ్ళ సంఘానికి ఇస్తున్నానని చెప్పారు. పేటవాళ్ళ చేతికి గుడి పొలం. ఆ ఊళ్ళో అంతకుముందు జరగని పని. మూలనున్న పెద్దాయన ఒకరు లేచి, "వాళ్ళు కూలికొచ్చేవాళ్ళు, సేద్యం ఏం చేస్తారు ఫాదరుగారూ" అన్నాడు. అందరూ మర్రెడ్డి వైపు చూశారు. అతను కాదంటే అక్కడితో ఆగిపోయేది.

మర్రెడ్డి చాలాసేపు కండువా అంచు నలుపుతూ కూర్చున్నాడు. "మా తమ్ముణ్ణి నడిమి వాకిట్లోంచి తెచ్చారు. ఆ మాట మీద పొలం వదుల్తన్నా. మందు లేకుండా పంటొస్తదంటే మాత్రం నమ్మను. అది వేరే సంగతి" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

నా ఉద్యోగంలో మంచివాళ్ళనుకున్నవాళ్ళు వెనక్కి తగ్గడం, ఎదురు తిరుగుతారనుకున్నవాళ్ళు దారి ఇవ్వడం చాలాసార్లు చూశాను. ఎవరినీ ముందే లెక్కగట్టకండి.

పండిన ఏళ్ళు

మొదటి ఏడు ఏమీ బాగాలేదు. మిరప వేశాం. ఆకుకి పైముడత వచ్చింది, కింద ముడత వచ్చింది. చుట్టూ పొలాల్లో మందు కొడితే పురుగంతా మా చేలోకే వచ్చినట్టుండేది. రెడ్ల బజారు వాళ్ళు గట్టు మీద నిలబడి చూసి పోయేవాళ్ళు. ఆడవాళ్ళు వేపగింజలు దంచి, నానబెట్టి, పాత చీరల్లో వడకట్టి సాయంత్రం పూట కొట్టేవాళ్ళు. పురుగు వాటి మీదికి మళ్ళాలని గట్ల మీద ఆముదం, చాళ్ళ మధ్య బంతి. పిట్టలు వాలడానికి పంగల కర్రలు పాతారు. శౌరయ్య చేసే పని ఒకటే. గట్టు మీద కూర్చుని పురుగు గుడ్ల ముద్ద ఉన్న ఆకులు ఆడవాళ్ళు గిల్లి వేసిన బుట్ట ముందు పెట్టుకుని, వణికే చేతులతోనే వాటిని నలిపేవాడు.

"ఏరా శౌరిగా, పురుగుని చేత్తో చంపుతున్నావా, అది నిన్ను చంపుద్దా?" అని గట్టు మీంచి ఎవరో అంటే, "మీ మందు నన్ను చంపలేకపోయింది, పురుగేం చంపుద్ది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆరోగ్యమ్మ మొహం తిప్పుకుంది.

తరవాతి ఏడు పంట నిలబడింది. ఆ తరవాతి ఏడు ఇంకా బాగా వచ్చింది. కాయ కొంచెం చిన్నదే, ఎరుపు మాత్రం కళ్ళు చెదిరేట్టుండేది. కోతకి దిగిన ఆడవాళ్ళకి చేతులు మండేవి, అది మిరప మంట. తలనొప్పి, కక్కులు ఉండేవి కావు. చంటిపిల్లల్ని చేలోకి తెచ్చుకునేవాళ్ళు. దుక్కి దున్నుతుంటే నాగలి వెంట కొంగలు దిగేవి. మర్రెడ్డి ఒకరోజు ఎవరూ లేనప్పుడు వచ్చి, మట్టి గుప్పిట్లోకి తీసుకుని వాసన చూశాడు. నన్ను చూసి ఇబ్బందిపడి, "ఆముదం గింజలుంటే కాసిని పంపించమ్మా" అన్నాడు.

శౌరయ్య ఎక్కువ కాలం బతకలేదు. ఒంట్లో సత్తువ కొంచెం కొంచెంగా పోయింది. ఫాదర్ ఇన్నయ్యకి బదిలీ వచ్చింది. విధేయత ప్రమాణం చేసినవాళ్ళు ఎందుకని అడగరు. వెళ్ళే రోజు చేలోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చి జీపు ఎక్కారు.

పై ఆఫీసు

మా డైరెక్టరు ఫాదరు గురించి రాయాలి. ఆయన్ని చెడ్డవాడిగా రాయలేను. తెలివైనవాడు. రోమ్‌లో చదివారు. సుస్థిరాభివృద్ధి అన్న మాట మాకు పరిచయం చేసింది ఆయనే. సభలకి దేశదేశాలు తిరిగేవారు. మందుల దుకాణాలవాళ్ళు మా మీద గొడవకి వచ్చినప్పుడు ఆఫీసు గుమ్మంలో అడ్డంగా నిలబడి, "మా పిల్లల్ని ఏమన్నా అంటే నాతో మాట్లాడండి" అన్నవాడు. ఆయన లేకపోతే ఈ పని మొదటి ఏడాదే మూతపడేది.

ఆయనే ఒకరోజు నన్ను పిలిచి, గుడి పొలంలో ఇంగ్లీషు మీడియం బడి కడుతున్నామని చెప్పారు. హైవే వెడల్పయింది, ఊళ్ళన్నీ మారుతున్నాయి, చదువు లేకపోతే పేట పిల్లలు ఎప్పటికీ కోతలకే పోతారు అన్నారు. అందులో అబద్ధం లేదు. పేట పిల్లలకి సీట్లు ఇస్తామన్నారు, కొందరికి ఇచ్చారు కూడా.

"బడికి ఊరి బయట చౌడు నేల ఉంది కదా ఫాదర్, ఈ రేగడే ఎందుకు?" అన్నాను.

"రోడ్డుకి దగ్గరమ్మా. బస్సులు రావాలి."

"ఆ నేలని బాగుచేయడానికి వాళ్ళకి ఏళ్ళు పట్టింది. ప్రతి సభలో మీరు చూపించే ఫోటో ఆ పొలానిదే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అవును. నాకు తెలుసు. పీఠాధిపతి బిషప్పుగారు నిర్ణయించారు. నువ్వు వెళ్ళి వాళ్ళకి మెల్లిగా చెప్పు. నువ్వు చెబితే వింటారు."

పంట చేతికొచ్చేదాకా ఆగాలని పట్టుబట్టాను. ఆగుతామన్నారు, ఆగారు. నేను సాధించింది అదొక్కటే.

చెప్పడానికి వెళ్ళినప్పుడు ఆరోగ్యమ్మ కళ్ళంలో ఎండిన కాయలు తిరగేస్తోంది. నేను చెప్పింది మొత్తం విని, పని ఆపకుండానే, "స్వామి ఉంటే ఇట్టా జరిగేదా నర్సమ్మా?" అంది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. "పోనీలే. మన పేరు మీద రాసిచ్చారా ఏంది. దేవుడి పొలం అన్నారు, దేవుడు తీసుకున్నాడు" అంది. ఇంకో వరస కాయలు తిరగేసి, "దేవుడో, ఎవరో" అంది.

ఫాదర్ ఇన్నయ్యని ఆ తరవాత ఒకసారి వృద్ధ గురువుల ఆశ్రమంలో చూశాను. పొలం సంగతి చెప్పాను. ఆయన విని, నా చేతిలో అరటిపండు పెట్టారు.

కొత్తగా చేరిన మీకు నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. మన కతోలిక సభ భూమి గురించి బోధించేది నిజం. అంత నిజమైన మాట చెప్పేవాళ్ళు లోకంలో ఎక్కువమంది లేరు. కానీ బోధ ఎప్పుడూ ఇతరుల పొలాల గురించే అయితే అది ఎవరి చెవికీ ఎక్కదు. మీరు చేరిన చోట మొదట అడగాల్సింది, మన సొంత నేలలో ఏం జరుగుతోందని. ఆ ప్రశ్న అడిగితే మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేయరు. కాస్త దూరం పెడతారు. తట్టుకోవచ్చు.

సదస్సు

బడి లేచింది, పక్కన పెద్ద హాలు కూడా. రెండువేల దశకం చివర్లో ఆ హాల్లోనే సృష్టి పరిరక్షణ మీద సదస్సు పెట్టారు. విదేశాల నుంచి సహాయ సంస్థలవాళ్ళు వచ్చారు. గ్రామస్థుల తరపున ఒకరు మాట్లాడాలి, ఆరోగ్యమ్మని తీసుకురమ్మని డైరెక్టరు ఫాదరే నాకు చెప్పారు.

అప్పటికి ఆమె మళ్ళీ కూలికి పోతోంది. మందు కొట్టిన చేలల్లోనే. ముక్కుకి తువ్వాలు కట్టుకుని కోస్తుందట. వేళ్ళ కొసలు పొక్కి తోలు ఊడుతోంది.

"నేనేం చెప్పాలి నర్సమ్మా?"

"జరిగింది చెప్పు."

"అదా. అదైతే చెప్తా."

ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. వేదిక మీద మైకు ముందు నిలబడి, హాలు పైకప్పు ఒకసారి చూసి, కిందకి చూసి మాట్లాడింది. "నా పేరు ఆరోగ్యమ్మ. మీరు కూచున్న చోట మేం మిరప పెట్టాం. మందు కొట్టకుండా పండించాం. మా ఆయన ఇదే నేలలో మందు కొడతా పడిపోయాడు. మళ్ళీ ఇదే నేలలో కూచుని పురుగులు ఏరాడు. బాగానే పండింది. ఇప్పుడు బిల్డింగు వచ్చింది. మేం మళ్ళీ మందు కొట్టిన చేలకే పోతన్నాం. అంతే." చేతులు జోడించి కూర్చుంది.

అనువాదం చేయడానికి ఒక చిన్న వయసు ఫాదరు ఉన్నారు. ఆయన మైకు తీసుకున్నారు. డైరెక్టరు ఫాదరు వైపు ఒకసారి చూశారు. తరవాత ఇంగ్లీషులో, మందుల్లేని సేద్యం వల్ల ఈమె జీవితం మారిందని, సంస్థకి కృతజ్ఞతలు చెబుతోందని అన్నారు. విదేశీ అతిథులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. హాలంతా కొట్టింది. ఆరోగ్యమ్మ కూడా మర్యాదకి కొంచెం కొట్టింది.

ఆ చిన్న ఫాదరుని నేను తప్పుపట్టను. చెమటలు పట్టాయి ఆయనకి. కానీ ఆమెని తెచ్చింది నేను, జరిగింది చెప్పమన్నది నేను. చప్పట్లు ఆగాక లేచాను. మైకు అడగలేదు. సిస్టర్ల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషుతో, ఆమె చెప్పింది అది కాదని, ఏం చెప్పిందో వాక్యం వాక్యం చెప్పాను. కూచున్న చోట మిరప పెట్టామన్నప్పుడు ముందు వరసలో ఒక పెద్దావిడ కాళ్ళ కిందకి చూసుకుంది. డైరెక్టరు ఫాదరు లేచి, భోజనాలు సిద్ధంగా ఉన్నాయని చెప్పారు.

అందరూ అటు నడిచారు. ఆరోగ్యమ్మ నా దగ్గరికి వచ్చి, "నువ్వేం చెప్పావు వాళ్ళకి?" అంది.

"నువ్వు చెప్పిందే."

"మరి ఇందాక ఆయనేం చెప్పాడు?"

చెప్పాను. దాచలేదు. ఆమె తలుపుకి అవతల ప్లేట్లు పట్టుకుని నిలబడ్డవాళ్ళని చూసింది.

"ఇందాక కొట్టినోళ్ళు, నువ్వు చెప్పినాక కొట్టలేదేంది నర్సమ్మా?" అంది.

భోజనం చేసి వెళ్ళమన్నాను. తెల్లారి కోతకి పోవాలంది. రోడ్డు మీద ఆటో ఆగితే, కొంగు దోపుకుని వెనక సీట్లో మిగతా ఆడవాళ్ళ మధ్య సర్దుకుని కూర్చుంది.